సర్కారు బడితో కాలేజీ చేయి కలపాలంటే: బెంగళూరులోని తెలుగు అధ్యాపకులకు ఒక సమగ్ర మార్గదర్శి

మారతహళ్ళి దాటాక ఒక ప్రభుత్వ పాఠశాల. కన్నడ మాధ్యమం, మూడో తరగతి. మేడమ్ బోర్డు మీద 52 వేసి, దాని కింద 27 వేసి, గీత గీసి "కళెయిరి" అన్నారు. కిటికీ పక్కన కూర్చున్న పాప పలక వంక చూస్తూ ఉండిపోయింది. వాళ్ళది పాలమూరు వైపు పల్లె. అమ్మానాన్నలిద్దరూ దగ్గర్లో లేస్తున్న అపార్టుమెంట్ల దగ్గర కూలి పని చేస్తారు. నేను వంగి తెలుగులో మెల్లగా అడిగాను. "యాభై రెండు ఇటుకలున్నాయమ్మా. మీ అమ్మ ఇరవై ఏడు పైకి మోసేసింది. కింద ఎన్ని మిగిలాయి?" క్షణం ఆలస్యం లేదు. "ఇరవై ఐదు."

మేడమ్ ఆ జవాబు విన్నారు. నా దగ్గరికి వచ్చి, తన పాఠ్యప్రణాళిక పుస్తకం తెరిచి, "కళెయిరి అన్నదానికి మీ తెలుగులో ఏమంటారో చెప్పండి" అని అడిగారు. "తీసివేయి" అని చెప్పాను. ఆ మాటను పేజీ అంచున కన్నడ లిపిలో రాసుకున్నారు.

మా కాలేజీకీ ఆ బడికీ మధ్య ఈరోజు ఉన్న సంబంధమంతా ఆ అంచున రాసుకున్న ఒక్క మాటతో మొదలైంది. అంతకు ముందు ఏడాది మేం చేసిన పని వేరు. మా సభామందిరంలో రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టాం. ఉపాధ్యాయులు పై నుంచి వచ్చిన ఉత్తర్వు మేరకు వచ్చారు, సంచీ, పుస్తకం, ధ్రువపత్రం తీసుకుని వెళ్ళారు. తర్వాత వాళ్ళ తరగతుల్లో చూస్తే ఏమీ మారలేదు. తప్పు వాళ్ళది కాదు. ఎవరూ అడగని ప్రశ్నలకు మేం జవాబులు పట్టుకెళ్ళాం. టీచరు తనంతట తాను ఒక మాట అడిగే రోజు వరకు ఓపిక పట్టడం, ఆ రోజు అక్కడ హాజరుగా ఉండడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద భాగమని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను. కింద రాసిన అడుగులన్నీ దానికోసమే.

మొదటి అడుగు: మూడు నెలలు బడిలో కూర్చోండి

ప్రాజెక్టు పేరు పెట్టకండి, బ్యానరు కట్టకండి. మీ కాలేజీకి నడిచి గానీ, ఒకే బస్సులో గానీ వెళ్ళగలిగే దూరంలో ఒక్క బడిని ఎంచుకోండి. బెంగళూరు ట్రాఫిక్‌లో రెండు బస్సులు మారాల్సిన బడికి రెండో నెల నుంచి ఎవరూ వెళ్ళరు. ఐదు బళ్ళు ఒకేసారి తీసుకోవాలన్న ఉత్సాహం సహజమే, కానీ మొదటి రెండేళ్ళు ఒక్కటి చాలు.

ముందుగా కాగితం మీద దొరికేది చూసుకోండి. బడుల వివరాలు ఉంచే ప్రభుత్వ సమాచార వ్యవస్థ యూడైస్‌లో ప్రతి బడికీ 11 అంకెల సంఖ్య ఉంటుంది. దానితో పిల్లల నమోదు, ఉపాధ్యాయుల సంఖ్య, గదులు, మరుగుదొడ్ల వివరాలు చూడవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒకరు. మీరు ఎంచుకున్న బడిలో ఆ లెక్క ఎంతవరకు కుదిరిందో తెలిస్తే, అక్కడి టీచర్లు ఎందుకు అలసిపోయి ఉంటారో అడగకుండానే అర్థమవుతుంది.

కాగితంలో సరిగ్గా దొరకని సంగతి ఒకటుంది: పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష. దీన్ని మీరే తెలుసుకోవాలి. ఫారం ఇచ్చి నింపమంటే చాలా ఇళ్ళలో "కన్నడ" అని రాసి పంపుతారు, బడివాళ్ళకు అదే నచ్చుతుందన్న భయంతో. అందుకని మధ్యాహ్న భోజనం వేళ వరండాలో కూర్చుని, "మీ అమ్మ నిన్ను అన్నానికి ఏమని పిలుస్తుంది?" అని అడగండి. "తిందువు రా" అని ఒకరు, "ఊటక్కె బా" అని ఒకరు, "ఖానే ఆ" అని ఇంకొకరు చెబుతారు. అరగంటలో తరగతి తరగతికీ లెక్క తేలుతుంది.

టీచర్లను అడగాల్సిన ప్రశ్న కూడా చెబుతాను. "మీకు ఏ శిక్షణ కావాలి?" అని అడగవద్దు. దానికి "కంప్యూటర్", "ఇంగ్లీషు" అని అలవాటైన జవాబు వస్తుంది. "వారంలో మీకు అన్నిటికంటే బరువుగా గడిచే పీరియడ్ ఏది?" అని అడగండి. ఒకరు శుక్రవారం ఆఖరి గంట అంటారు. ఒకరు ఒకటీ రెండూ మూడూ తరగతులు కలిపి ఒకే గదిలో నలి-కలి పద్ధతిలో (ఆడుతూ పాడుతూ మెట్టు మెట్టుగా నేర్చుకునే పద్ధతి) నడిపే వేళ, ఊరి నుంచి కొత్తగా వచ్చి చేరిన పిల్లలకు ఏ మెట్టు దగ్గర చోటివ్వాలో తెలియడం లేదంటారు. ఆ జవాబుల్లోనే మీ పని ఉంది.

రెండో అడుగు: ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి

ఇలాంటి ప్రయత్నాలు బడి దగ్గర కంటే కాలేజీ దగ్గరే ఎక్కువ విఫలమవుతాయి. ఒక లెక్చరర్ మంచితనం మీద నడిచిన పని, ఆయన బదిలీ కాగానే ఆగిపోతుంది. కాబట్టి పనిని టైంటేబుల్లోకి, మార్కుల్లోకి ఎక్కించాలి.

దారులు ఉన్నాయి. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం కింద ప్రతి వలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలి. ఆ గంటలు చాలాచోట్ల ఆవరణ ఊడ్చడంలో, ఊరేగింపుల్లో గడిచిపోతాయి. వాటిలో సగం ఒక్క బడికి కేటాయించినా ఎంత పని అవుతుందో ఆలోచించండి. సమాజంతో కలిసి పనిచేయడాన్ని క్రెడిట్లు ఉన్న కోర్సుగానే పెట్టుకోవచ్చని యూజీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. క్షేత్రస్థాయి పనికి ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు దాదాపు 30 గంటలు. రెండు క్రెడిట్లు పెట్టించగలిగితే విద్యార్థి వారానికి నాలుగు గంటలు బడికి ఇవ్వగలడు, ఇంకో సబ్జెక్టును దొంగిలించకుండానే.

క్యాలెండరు సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. బడి జూన్‌లో మొదలవుతుంది, అక్టోబరులో దసరా సెలవులు, మార్చిలో పరీక్షలు, తర్వాత వేసవి. మన సెమిస్టర్లు ఒక్కో ఏడాది ఒక్కోలా సాగుతాయి. మన పరీక్షలప్పుడు పిల్లలు మన కోసం గేటు వైపు చూస్తుంటారు. ఒక పెద్ద కాగితం మీద రెండు క్యాలెండర్లూ పక్కపక్కన గీయండి. మన విద్యార్థులు రాలేని వారాలను ఎర్ర రంగుతో నింపి, ఆ వారాల్లో ఏ అధ్యాపకుడు వెళ్తారో పేరు రాయండి. జవాబు దొరకని వారం ఒక్కటి ఉన్నా పని మొదలుపెట్టకండి.

మూడో అడుగు: అనుమతి, ఒప్పందం

హెడ్‌మాస్టరు గారితో మాట, ఆ తర్వాత బ్లాకు విద్యాధికారికి ఉత్తరం, ఎస్‌డీఎంసీ సమావేశంలో తీర్మానం. ఈ వరుస తప్పవద్దు. పైఅధికారి ఉత్తర్వుతో ముందు దిగితే బడివాళ్ళు మర్యాదగా కుర్చీ వేస్తారు, మనసు మాత్రం విప్పరు.

ఎస్‌డీఎంసీ అంటే కర్ణాటకలో పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ సమితి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ సమితుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలి. వలస కూలీల కుటుంబాల నుంచి ఒక్కరైనా ఉన్నారా అని చూడండి. లేకపోతే గొడవ చేయవద్దు. వచ్చే ఎంపిక వరకు ఆ కుటుంబాల నుంచి ఇద్దరు తల్లులను ప్రత్యేక ఆహ్వానితులుగా పిలవమని హెడ్‌మాస్టరు గారిని కోరండి.

ఒప్పందం రెండు పేజీలు దాటవద్దు, కన్నడలో ఉండాలి. ఎవరు ఏ రోజు ఏ గంటకు వస్తారు, రాలేకపోతే ఎవరికి ఎన్ని రోజుల ముందు చెబుతారు, పిల్లల ఫొటోలు ఎవరూ తీయరు, పిల్లల మార్కులు గానీ, టీచర్ల పాఠాల మీద మన పరిశీలనలు గానీ వాళ్ళ అనుమతి లేకుండా పరిశోధనా పత్రాల్లోకి ఎక్కవు, మధ్యలో ఆపాలంటే ఏ పక్షమైనా ఎలా ఆపవచ్చు. ఇంతే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరమంటుంది. చట్టం లేకపోయినా ఆ మాట రాసుకోవాల్సిందే. మా దగ్గర ఒక పరిశోధక విద్యార్థి వద్దన్నా వినకుండా ఒక టీచరు తరగతిని వీడియో తీశాడు. ఆమె నొచ్చుకున్నారు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడానికి మాకు ఏడు నెలలు పట్టింది.

నాలుగో అడుగు: టీచర్లతో కలిసి పాఠం కట్టడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, అసలు పని ఇదే కాబట్టి.

మన దేశంలో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలల్లో విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం మొదలుపెట్టాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి పల్లె బడి టీచర్లతో కలిసి ప్రయోగాలు చేశారు. 1978 నాటికి అది జిల్లా అంతటికీ విస్తరించింది, 2002 దాకా నడిచింది. దాన్ని అన్నేళ్ళు నిలబెట్టిన వాటిలో ఒకటి, నెలనెలా టీచర్లు ఒకచోట కూర్చుని తమ తరగతిలో ఏం జరిగిందో చెప్పుకోవడం. పాఠం సాగని చోటు ఏదో వాళ్ళు చెబితే, శాస్త్రవేత్తలు వెనక్కి వెళ్ళి పుస్తకం మార్చేవారు.

జపాన్ బళ్ళలో వందేళ్ళకు పైగా ఉన్న ఆచారం కూడా ఇటువంటిదే. కొందరు టీచర్లు కలిసి ఒక్క పాఠాన్ని తయారు చేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావారు వెనక కూర్చుని టీచరును వదిలి పిల్లలను గమనిస్తారు, తర్వాత పాఠాన్ని దిద్దుతారు. మీరూ ఇలా చేయండి: నెలకు ఒక్క పాఠం. ముగ్గురు టీచర్లు, ఒక అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులు. మొదటి వారం కూర్చుని పాఠం రాయండి. రెండో వారం టీచరు చెబుతారు. మొదట్లో ఒకటి రెండుసార్లు మాత్రం మన అధ్యాపకుడే చెప్పి, ముందు తనే పరిశీలనకు నిలబడాలి. టీచర్లకు ధైర్యం వచ్చేది అప్పుడే. మూడో వారం కూర్చుని మాట్లాడుకోండి. నాలుగో వారం దిద్దిన పాఠాన్ని ఇంకో సెక్షన్‌లో చెప్పండి.

మా మొదటి పాఠం ఎలా తయారైందో దగ్గర నుంచి చూపిస్తాను. తెలుగు పిల్లలకు కన్నడ పదాలు ఎందుకు నిలవడం లేదన్నది మేడమ్ ప్రశ్న. మా తెలుగు అధ్యాపకుడు బోర్డు మీద రెండు వరుసలు రాశారు. పాలు, పులి, పండు, పంది, పాము, పొగ. ఎదురుగా హాలు, హులి, హణ్ణు, హంది, హావు, హొగె. పాత కన్నడంలోనూ అది "ప"గానే ఉండేదనీ, కాలక్రమంలో "హ" అయిందనీ చెప్పారు. ఇంకో రెండు వరుసలు: చెవి, చెయ్యి, చెరువు. ఎదురుగా కివి, కై, కెరె. ఈసారి పాత రూపం కన్నడంలో నిలిచింది, తెలుగులో "క" కాస్తా "చ" అయింది. మేడమ్ చాలాసేపు బోర్డు చూసి, "అంటే ఈ పిల్లలకు సగం కన్నడం ఇంట్లోనే ఉందన్నమాట" అన్నారు. మర్నాడు తరగతిలో ఆమె ఏ వివరణా ఇవ్వలేదు. "పాలు, హాలు" అని రాసి, "పులి?" అని అడిగి ఊరుకున్నారు. "హులి!" అని మొదట అరిచింది ఆ కిటికీ పక్క పాప. బెళ్ళందూరు కెరె అంటే చెరువేనని ఆ రోజు పిల్లలకు తెలిసింది, రోజూ దాని పక్కనుంచే బడికి వస్తున్నా.

రెండో పాఠం దీనికి తిరగబడిన వైపు: ఒకేలా వినిపించి అర్థం వేరైన మాటలు. కన్నడంలో "ఇల్ల" అంటే లేదు, మన పిల్లవాడికి ఇల్లు వినిపిస్తుంది. "ఊట" అంటే భోజనం, మనకు నీటి ఊట. "మర" అంటే చెట్టు, మనకు యంత్రం. ఈ జాబితాను పిల్లలే పెంచారు. అది చార్టుగా గోడకెక్కింది. కింద రాసిన పేర్లలో మొదటిది మేడమ్‌ది, తర్వాతే మా అధ్యాపకుడిది. ఈ వరుసను పట్టించుకోండి. పని ఎవరి ప్రశ్నతో మొదలైందో వారి పేరు ముందుండాలి, పత్రిక వ్యాసమైనా సరే.

ఇక్కడ ఒక జాగ్రత్త. తెలుగును వంతెనగా వాడుతున్నాం. అవతలి గట్టు కన్నడం. ఈ పిల్లలు ఈ నగరంలో బతకాలి, ఇక్కడే పరీక్షలు రాయాలి, కన్నడం బాగా రావాలి. మనమూ స్టాఫ్ రూములో కన్నడంలోనే మాట్లాడాలి, వచ్చినంత మాట్లాడాలి. మన విద్యార్థుల్లో ఎవరైనా కన్నడం రాదని గర్వంగా చెబితే వారిని ఆ సెమిస్టరు పంపవద్దు.

టీచర్ల సమయం మాట. చట్టం ప్రకారం తయారీతో కలిపి వారానికి 45 గంటల పని వారిది. శనివారం ఒంటిపూట బడి అయ్యాక కూర్చోమంటే ఇంటి పనిలోంచి కోసి ఇవ్వాలి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకూ ఏటా 50 గంటల వృత్తి అభివృద్ధి ఉండాలని చెప్పింది. మీ నెలవారీ పాఠం గంటలను ఆ 50లో లెక్కించమని బ్లాకు విద్యాధికారిని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకునే వరకు మీటింగు బడి వేళల్లోనే పెట్టండి. ఆ సమయంలో వాళ్ళ తరగతిని మీ విద్యార్థులు చూసుకుంటారు. టీ, తినడానికి ఏదైనా తప్పకుండా ఉండాలి. ఇది చిన్న సంగతి అనుకోకండి.

మీటింగులో ఒకే నియమం: ఎవరినీ నిందించకూడదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వైద్యుడు జేమ్స్ కోమర్ 1968లో న్యూ హేవెన్‌లో రెండు బళ్ళతో పని మొదలుపెట్టి, టీచర్లనూ తల్లిదండ్రులనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టినప్పుడు పెట్టుకున్న నియమాల్లో ఇది ఒకటి. తప్పు ఎవరిదన్న చర్చ మొదలైతే గంట దానికే సరిపోతుంది. ఏం చేద్దామన్న మాట దగ్గరే ఉండాలి.

ఐదో అడుగు: మన విద్యార్థులను సిద్ధం చేయడం

కనీసం పన్నెండు గంటల తయారీ లేకుండా ఒక్కరినీ బడికి పంపకండి. అందులో సగం, టీచరు తరగతిలో మౌనంగా కూర్చుని చూడడమే.

పిల్లలు వాళ్ళను అక్కా, అన్నా అని పిలుస్తారు. ఆ పిలుపుకు తగ్గట్టు ఉండాలి. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, ఏ పిల్లతోనూ పిల్లవాడితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఫోను నంబర్లు ఇవ్వకూడదు, బహుమతులు తేకూడదు. "వచ్చే వారం వస్తాను" అని చెబితే రావాలి. ఒకరోజు రాని అన్న కోసం ఒక బాబు గేటు కడ్డీలు పట్టుకుని భోజనం గంట అంతా నిలబడ్డాడని వాచ్‌మన్ చెప్పినప్పటి నుంచి ఈ ఒక్క విషయంలో నేను ఎవరి సాకూ వినను.

పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని ఏమాత్రం తెలిసినా పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం తప్పనిసరి. దాచడం నేరం. వలంటీరు తనకు తానే విచారణ చేయకూడదు. వెంటనే బాధ్యుడైన అధ్యాపకుడికి చెప్పాలి, అక్కడి నుంచి పోలీసులకు. పిల్లల సహాయ నంబరు 1098 అందరికీ నోటికి వచ్చి ఉండాలి.

ఆరో అడుగు: షెడ్ల దగ్గరికి

తల్లిదండ్రుల సమావేశం మధ్యాహ్నం మూడింటికి పెట్టి ఎవరూ రాలేదంటే అర్థం లేదు. ఉదయం పనికి వెళ్ళినవారు చీకటి పడ్డాకే తిరిగి వస్తారు. ఆదివారం పొద్దున, నీళ్ళ ట్యాంకరు వచ్చి వెళ్ళాక, నీలం పట్టాల షెడ్ల మధ్య కూర్చోండి. కుర్చీలు తీసుకెళ్ళవద్దు. టీచరు కూడా వస్తే మంచిది, కానీ బలవంతం వద్దు. మొదటిసారి మా మేడమ్ తనంతట తానే వచ్చారు. వాళ్ళ పాప 52లో 27 తీసేసిన సంగతి ఆ తల్లికి కన్నడంలో చెబుతుంటే, నేను తెలుగు చేస్తుంటే, ఆ తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని వింది. "మా పిల్లకు చదువు రాదని అనుకున్నామమ్మా" అంది.

అక్కడ మీ వెంట ఉండాల్సిన సమాచారం ఇది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు బదిలీ పత్రం ఆలస్యమైందని గానీ, వయసు రుజువు లేదని గానీ, ఏడాది మధ్యలో వచ్చారని గానీ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. విద్యాహక్కు చట్టం ఈ మూడింటినీ విడివిడిగా చెప్పింది. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పండగకు ఊరెళ్ళి రెండు నెలలు ఉండిపోయిన పిల్లల పేర్లు కొట్టివేయకుండా, ఏ ఊరు, ఎప్పుడు తిరిగొస్తారు అని రాసే ఒక చిన్న పుస్తకం టీచరు దగ్గర పెట్టించండి. మా దగ్గర ఆ పుస్తకాన్ని మా విద్యార్థి ఒకామె చూసుకుంటుంది. ఎవరు ఎప్పుడు బయల్దేరుతున్నారో ఆమెకు మేస్త్రీల కంటే ముందు తెలుస్తుంది.

ఇంకొకటి. 1996 నాటి చట్టంతో మొదలైన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ ఏర్పాటు కింద, గడిచిన ఏడాదిలో కనీసం 90 రోజులు ఈ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ళ లోపు కార్మికులు రాష్ట్ర సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. నమోదైనవారి పిల్లల చదువుకు సాయం ఉంటుంది. ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు, తెలిసినా పని వదిలి కాగితాల వెంట తిరగలేరు. కామర్స్, న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇంతకు మించిన క్షేత్రస్థాయి పని ఉండదు. ఒక్కో విద్యార్థికి నాలుగు కుటుంబాలు అప్పగించండి, కార్డు చేతికి వచ్చే వరకు వాళ్ళదే బాధ్యత.

ఏడో అడుగు: ఎనిమిది నుంచి పది చదివేవారు

ఈ వయసు పిల్లలు మన చేతుల్లోంచి జారిపోయేది ఎక్కువగా ఎనిమిది తర్వాతే. పద్నాలుగు దాటితే ఉచిత నిర్బంధ విద్య హక్కు ఆగిపోతుంది. అప్పటికి అబ్బాయికి రోజు కూలి వస్తుంది, అమ్మాయి చెల్లెలిని చూసుకోవాలి. వీరికి ఉపన్యాసాలు అక్కర్లేదు. కాలేజీ చూపించండి. ఊరికే తిప్పడం వద్దు. నెలకో శనివారం భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్ల వాళ్ళ పేరున ఉంచండి, వాళ్ళ చేత్తోనే విద్యుత్ వలయం కలిపించండి. గ్రంథాలయంలో చదువుకునే చోటు ఇవ్వండి. షెడ్డులో పదో తరగతి పరీక్షకు చదవడానికి దీపం, నిశ్శబ్దం రెండూ దొరకవు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఒక అధ్యాపకుడు బడిలో బల్ల వేసుకుని కూర్చోవాలి. పియుసిలో (మన ఇంటర్) ఏ గ్రూపు, ఎక్కడ హాస్టలు ఉంది, ఐటీఐ ఏది, డిప్లొమా ఏది, స్కాలర్‌షిప్‌కు ఏ కాగితాలు. ఫెయిలైనవారికి మళ్ళీ రాసే పరీక్ష తేదీ. ఆ వారం ఎవరూ పట్టించుకోకపోతే మేస్త్రీ పట్టించుకుంటాడు.

డబ్బు

అనుకున్నంత అక్కర్లేదు. చార్టులు, టీ, ప్రింట్లు, బస్సు చార్జీలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద స్త్రీలకు సాధారణ బస్సుల్లో ప్రయాణం ఉచితమే, కానీ కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. మన తెలుగు విద్యార్థినుల ఆధార్‌లో చాలావరకు అనంతపురమో, కర్నూలో ఉంటుంది. వాళ్ళ చార్జీలు బడ్జెట్టులో రాయండి. వాళ్ళు జేబులోంచి పెట్టుకుని రెండో నెలలో మానేస్తే అది మన తప్పే.

చట్టప్రకారం సామాజిక బాధ్యత కింద లాభాల్లో రెండు శాతం ఖర్చుపెట్టాల్సిన కంపెనీలకు ఈ నగరంలో కొదవ లేదు. అడగండి, కానీ రెండో ఏడాది తర్వాత. ముందే వారి డబ్బు వస్తే వారి గడువులూ, ఫొటోలూ వస్తాయి. అప్పటివరకు వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వంటి సంఘాలను, కాలేజీ పూర్వ విద్యార్థులను పుస్తకాల కోసం అడిగితే చాలు.

కొలవడం

మూడింటినే కొలవండి. ఒకటి, ఏడాదికి రెండుసార్లు ప్రతి పిల్లా ఒక పేరా చదవగలదా, రెండంకెల తీసివేత చేయగలదా అన్నది. ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు, వాళ్ళకు వచ్చిన భాషలో సూచన ఇచ్చి. రెండు, ఊరెళ్ళిన పిల్లల్లో ఎందరు తిరిగి బడికి వచ్చారో. మూడు, టీచరు తనంతట తాను మనల్ని అడిగిన విషయాలు ఎన్నో. ఈ మూడోదానికి ఒక నోటుపుస్తకం పెట్టి తేదీతో సహా రాయండి. మొదటి ఏడాది మా పుస్తకంలో అలాంటివి ఒక పేజీ నిండలేదు. ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది.

పిల్లల ఫలితాలను టీచర్ల పేర్లతో పక్కపక్కన పెట్టి ఎవరికీ చూపించకండి. అధికారి అడిగినా సరే, ఒప్పందంలో లేదని చెప్పండి.

మూడో ఏడు దాటాక

హెడ్‌మాస్టరు బదిలీ అవుతారు. మన విద్యార్థులు పట్టాలు పుచ్చుకుని వెళ్తారు. అపార్టుమెంటు పూర్తయితే షెడ్లే మాయమవుతాయి, కుటుంబాలు సర్జాపుర వైపో, దేవనహళ్ళి వైపో తరలిపోతాయి. దీనికి ముందే సిద్ధంగా ఉండాలి. ప్రతి ఏప్రిల్‌లో బడి మూసేముందు ఒక అప్పగింత రోజు పెట్టుకోండి. వెళ్ళే విద్యార్థి వచ్చే విద్యార్థిని వెంటబెట్టుకుని తరగతి తరగతికీ వెళ్ళి, పిల్లలకు పేరు చెప్పి పరిచయం చేయాలి. ఊరెళ్ళిన పిల్లల పుస్తకం, పాఠాల ఫైలు, టీచర్లు అడిగిన విషయాల నోటుపుస్తకం అందరి ఎదుట చేతులు మారాలి. తరలిపోయిన కుటుంబాల కొత్త చోటు తెలిస్తే, అక్కడికి దగ్గర్లోని బడి హెడ్‌మాస్టరుకు మన టీచరు చేతే ఒక ఉత్తరం రాయించండి: ఈ పాపకు తీసివేత వచ్చు, కన్నడం చదవడం కూడబలుక్కుంటోంది, ఇంట్లో తెలుగు.

కిటికీ పక్క పాప కుటుంబం నిరుడు దేవనహళ్ళి వైపు వెళ్ళింది. మేడమ్ రాసిన ఉత్తరం వాళ్ళ నాన్న చొక్కా జేబులో మడతపెట్టుకుని వెళ్ళాడు. ఆ బడికి మా కాలేజీ నుంచి రెండు బస్సులు. జూన్‌లో బడి తెరిచే రోజు నేను వెళ్ళాను, నాలుగో తరగతి హాజరు పట్టికలో పేరు ఉంది. అక్కడి టీచరు, "పాలు–హాలు చార్టు ఒకటి ఉందట కదా, మాకూ ఇస్తారా?" అని అడిగారు.